సర్కారు ఆసుపత్రిలో సిజేరియన్: ఉచితం ఎవరికి, ఖర్చు ఎవరిది?

"గవర్నమెంటు ఆసుపత్రిలో ఎలాగూ ఉచితమేగా, ఈ నొప్పులెందుకు, ఆపరేషన్ చేసెయ్యమనండి!" ప్రసూతి వార్డు బయట తరచూ వినపడే మాట ఇది. విన్నప్పుడల్లా బాధేస్తుంది.

2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద మామూలు కాన్పయినా, సిజేరియనయినా మందులు, పరీక్షలు, రక్తం, రానుపోను వాహనం అన్నీ ఉచితమే. ఆసుపత్రి భోజనం మాత్రం కాన్పుకి మూడు రోజుల దాకా, సిజేరియన్‌కి ఏడు రోజుల దాకా. అసలు లెక్క ఇక్కడుంది.

పెళ్లి భోజనమే తీసుకోండి. తిన్నవాళ్లు పైసా ఇవ్వరు, వండించినవాళ్లకి తెలుస్తుంది. మామూలు కాన్పులో వంట ఖర్చంతా మనుషుల ఓపికే: స్టాఫ్ నర్సు గంటల తరబడి కనిపెట్టుకుని ఉండాలి, అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు వినాలి, పార్టోగ్రాఫ్ (కాన్పు ఎలా సాగుతోందో గంటగంటకీ రాసే చార్టు) నింపాలి. బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లికి రక్తస్రావం ఎక్కువ కాకుండా ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ 10 యూనిట్లు ఇవ్వాలి. మందుల ఖర్చు స్వల్పం. సిజేరియన్‌కయితే సర్జన్, మత్తు డాక్టరు, థియేటర్ సిబ్బంది, వెన్నుకి మత్తు, కోతకి ముందే యాంటీబయాటిక్, కుట్టుదారాలు, అవసరమైతే రక్తం.

ఆపైన భోజనాల బంతి, అంటే ఇక్కడ మంచాలు. ఒకావిడ ఏడు రోజులు లేవకపోతే ఆ మంచం మీద మూడేసి రోజులుండే ఇద్దరికి చోటు పోయినట్టే. రద్దీ ఆసుపత్రుల్లో ఒకే మంచం మీద ఇద్దరు కనిపించడానికి ఇదో కారణం.

అన్నిటికన్నా ఖరీదైనది నొప్పులు పడ్డాక చేసే అత్యవసర సిజేరియన్. రెండు వంటలూ వండినట్టు. అయినా బిడ్డ గుండె చప్పుడు పడిపోతున్నా, మాయ బిడ్డ వచ్చే దారికి అడ్డంగా ఉన్నా ఆ ఖర్చుకి ఒక్క క్షణం వెనకాడకూడదు. ముహూర్తం కోసం పెట్టే కోతే నాకు మింగుడుపడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే 44.5 శాతం కాన్పులు సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 26.6, దేశం మొత్తమ్మీద 14.3.

టైమైపోతోంది, మిగతావి గబగబా. మొదటిది సిజేరియనైతే రెండోసారి మళ్లీ కోత పడే అవకాశం ఎక్కువ, మాయ పాత కుట్టుకి అతుక్కునే ముప్పూ ఉంటుంది. బయట మందులు కొనమని చీటీ రాస్తే సూపరింటెండెంటుని అడగండి, అది మీ హక్కు. డిశ్చార్జి రోజున ఇంటికి 102 బండి అడగడం మరిచిపోకండి.