పాత ట్రాక్టర్ బాగుచేయించాలా, కొత్తది కొనాలా?

శ్రోతలందరికీ నమస్కారం.

వడ్ల బస్తాలు నింపిన ట్రాలీతో ఓ పాత ట్రాక్టర్ చెరువుకట్ట ఎక్కేటప్పుడు ఎప్పుడైనా గమనించండి. గేరు తగ్గించినా కదలదు, గుప్పుమని పొగ, క్లచ్ మీద కాలు పెట్టి బండిని బతిమాలుతున్న డ్రైవరు. పదేళ్లో పదిహేనేళ్లో ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టిన బండి అది. దాని మీద ఇంకో లక్ష పెట్టాలా, అమ్మేసి కొత్తది తెచ్చుకోవాలా అన్న వాదన చాలా ఇళ్లలో నడుస్తోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగాక కొడుకులు కొత్తదే కొందామంటున్నారు. అయితే ట్రాక్టర్ టైర్లు, కొన్ని విడిభాగాల మీద పన్ను కూడా 18 నుంచి 5కి తగ్గింది, అంటే రిపేరు కూడా కొంత చవకైందన్న సంగతి మర్చిపోవద్దు.

నా మాట సూటిగా చెప్తాను. ఇంజిన్ ఒక్కటే అలిసిపోతే బాగుచేయించండి. గేరుబాక్సు, వెనక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్ కూడా పోతే ఇక ఆ బండి మీద డబ్బు పెట్టకండి.

ఎందుకంటే ఇంజిన్ ఎంత అరిగినా లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చి మళ్లీ బిగించొచ్చు, ఆ పని తెలిసిన మెకానిక్ దాదాపు ప్రతి మండల కేంద్రంలోనూ ఉంటాడు. ఇంజిన్ ఏ స్థితిలో ఉందో మీరే చూసుకోవచ్చు. పొగ నల్లగా వస్తుంటే భయపడకండి, చాలాసార్లు అది ఎయిర్ ఫిల్టరో, ఇంజెక్టరో, పంపో, కొద్ది ఖర్చుతో పోతుంది. నీలంగా వస్తుంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం. ఇంజిన్ నడుస్తుండగా, లోపలి గాలి బయటికొచ్చే బ్రీదర్ పైపు దగ్గర అరచెయ్యి పెట్టండి, గాలి బుసబుసా కొట్టి చేతికి ఆయిల్ అంటుతుంటే రింగులు అరిగిపోయినట్టే. ఆయిల్ చూసే పుల్ల తీస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉందా, నీళ్లు కలిసిపోయాయి, ఆ బండిని ఇక ఒక్క గంట కూడా నడపొద్దు.

వెనక భాగం, అంటే గేరుబాక్సు, డిఫరెన్షియల్ సంగతి వేరు. మాగాణిలో కేజ్ వీల్స్ (బురదలో దిగబడకుండా వేసే ఇనుప చక్రాలు) వేసి దమ్ము చేసిన బండికి ఆయిల్ సీళ్లలోంచి బురదనీళ్లు లోపలికి పోతాయి, బరువంతా వెనక ఇరుసు మీదే పడుతుంది. గేరుబాక్సు ఆయిల్ దింపించి, అందులో ఓ అయస్కాంతం తిప్పి చూడండి. సన్నటి పొడి అంటుకుంటే మామూలే. గోరంత ఇనుప పెచ్చులు వస్తే లోపల పళ్లు విరుగుతున్నాయి. బరువు మీద గేరు దానంతటదే జారిపోతుంటే ఇంకా ఆలోచించేదేమీ లేదు.

క్లచ్ పని పెట్టుకుంటే మాత్రం ఒక జాగ్రత్త. క్లచ్ ప్లేటు మార్చాలంటే ట్రాక్టర్‌ని మధ్యలోకి రెండుగా విడదీయాలి, కూలీ ఖర్చంతా అక్కడే. విడదీశాక రిలీజ్ బేరింగు, ఇంజిన్ వెనక ఆయిల్ సీలు కూడా అప్పుడే మార్పించేయండి.

ఇక డబ్బు లెక్క. కొత్త బండికి ఆరు లక్షలు అప్పు, ఐదేళ్లు, ఆరు నెలలకో కిస్తీ చొప్పున పది కిస్తీలు, ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకుందాం. అసలు 60,000, వడ్డీ 36,000, మొదటి కిస్తీయే 96,000. అసలు కొంత తీరింది కాబట్టి రెండోది 92,400. మొదటి ఏడాదిలోనే 1,88,400 రూపాయలు, వానలు పడ్డా పడకపోయినా కట్టాలి. ఇంజిన్ పని ఖర్చు ఒక్కసారితో సరి. అందుకే బయట కిరాయికి తిప్పే వాళ్లకే కొత్త బండి గిట్టుబాటవుతుంది. అయిదారెకరాల సొంత సాగు మాత్రమే ఉంటే కొత్తదీ వద్దు, లక్షల రిపేరూ వద్దు, గంటకింతని కిరాయి ట్రాక్టర్ పెట్టుకోండి. ఈ మాట ఇంట్లో చెప్పడం కష్టమని తెలుసు. వాకిట్లో బండి లేకపోతే పరువు పోయినట్టు అనుకుంటాం, కానీ కిస్తీ కట్టలేక ఫైనాన్స్ వాళ్లు బండి తీసుకెళ్తే పడే బాధ అంతకన్నా పెద్దది.

బ్రేకుల విషయంలో మాత్రం నేను ఎవరితోనూ రాజీపడను. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులే ఉండవు, ఆ బరువునంతా ఆపాల్సింది ట్రాక్టరే. పొలంలో మలుపు కోసం కుడి ఎడమ పెడళ్లు విడివిడిగా తొక్కుతారు, రోడ్డెక్కే ముందు ఆ రెంటినీ కలిపే కొక్కెం వేయాలి. అది వేయకపోయినా, ఒక పక్క బ్రేకు అరిగిపోయినా, దిగుడులో ట్రాలీ వెనక నుంచి తోసి బండిని అడ్డం తిప్పేస్తుంది. దయచేసి ఆ ట్రాలీలో కూలీలనీ, జాతరకు పిల్లలనీ ఎక్కించకండి.

పదేళ్లు దాటిన ట్రాక్టర్లన్నీ తుక్కుకే అని వాట్సాప్‌లో వచ్చింది చూసి టెన్షన్ పడి అమ్మకండి, అది తప్పని కేంద్ర రవాణా శాఖ 2023లోనే చెప్పింది. పదిహేనేళ్లు నిండితే ఆర్సీని అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, అంతే.

రిపేరే అనుకుంటే ఎండాకాలంలో చేయించండి, తొలకరికి మెకానిక్ దొరకడు. ఇంజిన్ కొత్తగా బిగించాక మొదట కొన్నాళ్లు నిండు బరువు లాగించకండి. అమ్మడమే అనుకుంటే ఫైనాన్స్ ఉన్న బండికి ముందు అప్పు తీరిందన్న క్లియరెన్స్ తెచ్చుకోండి, పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఊరుకోకుండా ఆర్సీ కొన్నవాళ్ల పేరు మీదకు మారేదాకా వెంటపడండి. ఆర్సీలో మీ పేరే ఉన్నంతకాలం ఆ బండి యాక్సిడెంట్ చేస్తే నష్టపరిహారం నోటీసు మీ ఇంటికే వస్తుంది. నమస్కారం.