ఉట్నూరు బూడిదదిబ్బ

శ్రోతలకు నమస్కారం. ఇవాళ ఒక బూడిదదిబ్బ గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి, దాని వయసు నాలుగు వేల ఏళ్లకు పైమాటే!

అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్, అటు బళ్లారి, రాయచూరు మెట్టనేలల్లో ఇలాంటివి వందకు పైగా కనిపించాయి. బళ్లారి దగ్గర కుడతిని దిబ్బనైతే భీముడు చంపిన హిడింబాసురుణ్ణి కాల్చిన చోటని చెప్పుకునేవారు. తెల్లదొరల్లో కొందరు అగ్నిపర్వతం పని అనుకున్నారు. కాదు, ఇది పశువుల పేడ కాలిన బూడిదని రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త అన్నాడు. తర్వాత పరీక్షల్లోనూ అదే తేలింది.

నాకు బాగా నచ్చింది ఉట్నూరు కథ. ఆదిలాబాద్ ఉట్నూరు కాదండీ, పాత మహబూబ్‌నగర్ జిల్లాది. 1957లో ఆల్చిన్ అనే పురాతత్వవేత్త అక్కడ తవ్వించాడు. పొర కింద పొర బూడిద. ఆ పొరల్లో గుంజలు పాతిన గుంతలు వరసగా బయటపడ్డాయి. తాటి జాతి మొద్దులతో కట్టిన దడి అది. లోపలి దడిలో పశువులు, దానికీ బయటి దడికీ మధ్య మనుషుల గుడిసెలు ఉండేవని ఆయన లెక్క కట్టాడు. అంటే పశువులు నడుమ, మనుషులు చుట్టూ! దొడ్డి కాలింది, మళ్లీ కట్టారు. మళ్లీ కాలింది, మళ్లీ కట్టారు. అన్నిటికన్నా వింత, ఆ పొరల్లో ఆవుల గిట్టల గుర్తులు అచ్చుగుద్దినట్టు దొరికాయి. రాజుల శాసనాలు చాలా చూశాం గానీ, ఓ ఆవు అడుగు ఇన్నాళ్లు నిలవడం నాకైతే అంతకన్నా గొప్ప.

ఎందుకు కాల్చారు? పండగ మంటలని ఆల్చిన్ ఊహ. పేరుకున్న పెంట వదిలించుకోవడానికని మరికొందరి మాట. రెండూ అయ్యుండొచ్చు, మనం మాత్రం భోగికి పాత సామాను మంటలో వెయ్యట్లేదూ?

ఇక అసలు సంగతి. ఈ బూడిదను ఎరువుకని తవ్వుకుపోవడం పాత అలవాటే. కేంద్రం రక్షిత కట్టడంగా ప్రకటించిన చోటైతే చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త కట్టడాలు కుదరవు. బోర్డు లేని దిబ్బకు ఆ కాపలా ఉండదు. కాబట్టి మట్టి తోలేటప్పుడు బూడిద పొరలు గానీ, బుడగలు బుడగలుగా, గాజులా కరిగి గడ్డకట్టిన చిట్టెం గానీ తగిలితే జేసీబీ ఆపించండి. తహసీల్దారుకో, పురావస్తు శాఖకో కబురు చెయ్యండి. వాళ్లు వచ్చి చూసేదాకా ట్రాక్టరు ఇంకో చోటికి పంపండి.