కచేరీ ఆశ ఎక్కడ ఆగిపోతోంది?

సభాధ్యక్షులకు, విద్వాంసులకు, సంగీతం నేర్చుకుంటున్న పిల్లలకు, వారి తల్లిదండ్రులకు నమస్కారం.

కచేరీ చేసి పేరు తెచ్చుకోవాలన్న పట్టుదల మగపిల్లలకే ఎక్కువనీ, ఆడపిల్లలు ఇష్టం కొద్దీ నేర్చుకుని పెళ్లితో మానేస్తారనీ మన గురువుల్లోనే కొందరు అంటూ ఉంటారు. గాత్రం, వీణ తరగతుల్లో ఆడపిల్లలే ఎక్కువగా కనిపిస్తారు, మృదంగం తరగతిలో అరుదు, సంగీతాన్ని వృత్తిగా చేపట్టే వయసు వచ్చేసరికి గాత్రంలోనూ పలచబడతారు. ఈ తేడాను నేను కాదనను. దానికి కారణం ఆశ తక్కువ కావడమే అన్న మాటను మాత్రం మన సంగీత చరిత్ర ఒప్పుకోదు.

తిరువయ్యారులో త్యాగరాజస్వామి స్మరణగా ఏటా జరిగే ఆరాధనలో స్త్రీలను పాడనివ్వని రోజుల్లో గాయని బెంగళూరు నాగరత్నమ్మ తన సంపాదన వెచ్చించి ఆయన సమాధి వద్ద ఆలయం కట్టించి, 1925లో ప్రతిష్ఠ జరిపించారు. అయినా పాడే అవకాశం దక్కకపోయేసరికి స్త్రీలను కూడగట్టి వేరుగా ఆరాధన నడిపారు. మగ గాయకుడు సాధనకు వినియోగించుకోగల శక్తిలో ఎంత భాగాన్ని ఆమె వేదిక సంపాదించుకోవడానికే ఖర్చు చేయవలసి వచ్చిందో ఆలోచించండి. 1928లో ఏర్పడిన మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఒక మహిళకు తన అత్యున్నత పురస్కారమైన సంగీత కళానిధి ఇవ్వడానికి 1968 దాకా, అంటే ఎం.ఎస్.సుబ్బులక్ష్మి దాకా పట్టింది.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది పక్కవాద్యం, అంటే గాయకులకు తోడుగా వాయించే వాద్యం సంగతి. కచేరీలో విద్వత్తుకు పరీక్షలాంటి రాగం తానం పల్లవి మగవారి సొత్తుగా చెలామణి అయిన కాలంలో గాయని డి.కె.పట్టమ్మాళ్ దాన్ని కచేరీల్లో పాడి ‘పల్లవి పట్టమ్మాళ్’ అనిపించుకున్నారు. పాల్ఘాట్ మణి అయ్యర్ అంతటి విద్వాంసుడు ఏళ్ల తరబడి స్త్రీలకు మృదంగం వాయించలేదు. ఆ పట్టు సడలించుకుని పట్టమ్మాళ్ కచేరీకి కూర్చోవడం చాలా తర్వాతి మాట. గట్టి మృదంగం పక్కన లేనిదే పల్లవిలో, అప్పటికప్పుడు స్వరాలు అల్లే స్వరకల్పనలో సాహసించే ధైర్యం ఎవరికీ పెరగదు. ఆ తోడు అందని గాయని తెలిసిన కీర్తనలతోనే కచేరీ ముగిస్తుంది. విన్నవారు ఆమెకు అంతకుమించి ఆశ లేదనుకుంటారు. ఆశ కచేరీకి ముందే పూర్తిగా తయారై ఉండదు. అందులో చాలా భాగం కచేరీలు చేస్తూ ఉండగానే పెరుగుతుంది.

మన ప్రాంతంలోనే చూడండి. మృదంగ విదుషీమణి నిడుమోలు సుమతి గారికి 2021లో, భర్తతో కలిసి నాదస్వరం వాయించే కాలీషాబీ గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరికీ ఆ వాద్యం ఇంట్లోనే ఉంది. ఆడపిల్ల వాయించడం వింత కాదన్న వాతావరణమూ ఇంట్లోనే దొరికింది. అటువంటి ఇల్లు లేని పిల్లకు ఆ వాతావరణాన్ని గురువూ, సభా కల్పించాలి.

కాబట్టి గురువులకు నా విన్నపం: మృదంగం నేర్చుకుంటానని వచ్చిన ఆడపిల్లను గాత్రంలో చేరమని పంపేయకండి, మగపిల్లవాడికి చెప్పినట్లే, కచేరీలో మృదంగం ఒంటరిగా వినిపించే తనియావర్తనం దాకా చెప్పండి. సభా నిర్వాహకులకు మరొకటి: పసిబిడ్డతో రెండేళ్లు ఇంటిపట్టున ఉన్న గాయని పేరును జాబితాలోంచి తీసేయకుండా, మీరే మళ్లీ కబురు పెట్టి, పేరున్న పక్కవాద్యంతో సాయంత్రపు ప్రధాన కచేరీ ఇవ్వండి.