బీడీల చాట మీద ఇంగ్లిష్ కథ

(హనుమకొండలో ఇంగ్లిష్ ఎం.ఏ. విద్యార్థుల అభినందన సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, తోటి అధ్యాపకులకు, పొద్దున్నే బస్సెక్కి వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. అంత వెనకాల కూర్చున్నారేంటమ్మా, ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, రండి.

మార్కుల సంగతి తొందరగా ముగిస్తాను. గోల్డ్ మెడల్ వచ్చినవాళ్లు, లెక్చరర్ ఉద్యోగానికి అర్హత పరీక్షలైన నెట్, సెట్ గట్టెక్కినవాళ్ల పేర్లు కాసేపట్లో చదువుతారు. నెట్ అంటే రెండు పేపర్లు కలిపి 150 ప్రశ్నలు, మూడు గంటలు. పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లిష్ కవి చాసర్ నుంచి నిన్నమొన్నటి సిద్ధాంతాల దాకా ఏదైనా అడగొచ్చు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి అక్కడ నెగ్గడమంటే ఏమిటో ఈ హాల్లో చాలామందికి నేను చెప్పక్కర్లేదు.

నేను ఎక్కువ మాట్లాడాలనుకున్నది మీ చేతిరాత పత్రికలోని ఒక కథ గురించి. జగిత్యాల వైపు నుంచి వచ్చిన అమ్మాయి రాసింది. ఒడిలో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. తల్లి రోజంతా బీడీలు చేసి, సాయంత్రం కార్ఖానాలో అప్పజెప్పడానికి పోతుంది. అక్కడొకాయన కట్టలు చూసి, బాగాలేవని కొన్ని తీసి పక్కన పడేస్తాడు. వాటికి కూలి లేదు. కథంతా ఆ కాసేపే. తల్లి నోరు విప్పదు, ఆయన వేళ్లనే చూస్తుంటుంది.

వాక్యాలన్నీ పొట్టివి. రెండు మూడు చోట్ల ఆర్టికల్స్ తప్పాయి, పెన్సిల్‌తో గీశాను. మాస్టారి చెయ్యి ఊరుకోదు కదా! కథకు మాత్రం ఏ నష్టమూ జరగలేదు. బీడీ పని తెలియని పాఠకుడి కోసం ఆమె ఎక్కడా ఆగి పాఠం చెప్పలేదు, జాలి చూపించమని అడగలేదు. ఇంట్లో చూసింది చూసినట్టు పెట్టింది. ఇంగ్లిష్‌లో రాస్తున్నామనగానే ఇంటి సంగతులు దాచేసి, ఎన్నడూ చూడని మంచు మీద కవితలు రాసేవాళ్లను చాలామందిని చూశాను కాబట్టి, ఇది నాకు మెడల్‌కన్నా పెద్దదనిపించింది.

నాటకం కూడా బాగుంది. షేక్‌స్పియర్ ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’లో కోర్టు సీను. గౌను ఎవరో వకీలు సాబును అడిగి తెచ్చారట, కొంచెం పొడుగైంది. వడ్డీ వ్యాపారి షైలాక్ వేషం వేసిన అబ్బాయి అరవలేదు. ఆ పాత్రను దుర్మార్గుణ్ని చేసి చప్పట్లు కొట్టించుకోవడం సులువు. చివర్లో అతను తల వంచుకుని పోతుంటే, అప్పటిదాకా నవ్విన జనం ఆగిపోయారు.

మన కాకతీయ విశ్వవిద్యాలయం పుట్టింది 1976లో. అంతకుముందు నుంచే ఓరుగల్లుకు ఇంగ్లిష్‌తో రాకపోకలున్నాయి. ఖలీల్ జిబ్రాన్ ఇంగ్లిష్‌లో రాసిన ‘ది ప్రాఫెట్’ను ‘జీవన గీత’గా మనకిచ్చింది కాళోజీ. నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టిన పీవీ, ప్రధాని పదవి దిగాక, 1998లో ‘ది ఇన్‌సైడర్’ అనే ఇంగ్లిష్ నవల అచ్చు వేయించారు. ఆచార్య జయశంకర్ హైదరాబాద్‌లో ఇంగ్లిష్, విదేశీ భాషల సంస్థకు రిజిస్ట్రార్‌గా పనిచేసి, ఆ తర్వాత ఇక్కడికి వైస్ చాన్సలర్‌గా వచ్చారు.

ఒక అసంతృప్తి కూడా చెప్పనివ్వండి. ఏటా డిసర్టేషన్లలో అవే నాలుగైదు నవలలు తిరుగుతుంటాయి. ఒగ్గు కథ చెప్పే ఇంట్లో పుట్టినవాడు కూడా ఆ ఊసెత్తడు. అమెరికా నల్లజాతి నవలా రచయిత్రి టోనీ మారిసన్ మీద రాయొద్దని కాదు, తప్పకుండా రాయండి. కానీ ఆమె నవలల్లో పాటలూ, పెద్దవాళ్లు చెప్పే కథలూ ఏం పని చేస్తున్నాయో వెతికే పద్ధతి మీకు వచ్చింది కదా, అదే కన్నుతో మేడారం పాటను చూడండి. గైడ్లు ఒప్పుకోకపోతే నా దగ్గరికి పంపించండి.

ఇక లైబ్రరీవాళ్లకు ఒక విన్నపం. ఈ చేతిరాత పత్రిక ఒక్కటే ప్రతి ఉంది, ఇప్పటికే అట్ట ఊడుతోంది. బైండింగ్ చేయించి, నంబరు వేసి, బీరువాలో కాకుండా అందరికీ అందే అరలో పెట్టండి. బైండింగ్ ఖర్చు నేనిస్తాను.