పుట్టిల్లు ఎక్కడో తేలని పేలుళ్లు

తమ్ముడు: రికార్డవుతోందా? ఆ, నమస్కారం. ఈసారి 2022 అక్టోబరు 9 నాటి గామా-రే బరస్ట్, అంటే దూరపు గెలాక్సీలో పేలుడు నుంచి వచ్చిన గామా కిరణాల మెరుపు. ఇంత ప్రకాశవంతమైనది ఇంతకుముందు పట్టుబడలేదు. అది పుట్టిన గెలాక్సీ...

అక్క: ఒక్క నిమిషం.

తమ్ముడు: 1997 అనకు.

అక్క: అనను. 2005.

తమ్ముడు: అయిపోయింది ఎపిసోడ్.

అక్క: పోయినసారి నువ్వు "పక్కన పెద్ద గెలాక్సీ ఉందిగా, అదే పుట్టిల్లు" అని తేల్చేశావు. 2005 మే 9న స్విఫ్ట్ ఉపగ్రహానికి చిక్కింది సెకనులో పదో వంతు కూడా లేని పేలుడు. ఎక్స్-రేలో వచ్చినవి 11 ఫోటాన్లు, అంటే 11 కాంతి రేణువులు. పేలుడు ఎక్కడో ఇందులోనే అని వాటితో గీసిన వృత్తం వ్యాసార్థం సుమారు 9 ఆర్క్ సెకన్లు; ఆర్క్ సెకనంటే డిగ్రీలో 3600వ వంతు. లోపలేమో మసక గెలాక్సీలు బోలెడు. మామూలు వెలుగులో చుక్క కూడా దొరకలేదు!

తమ్ముడు: అంత పెద్ద ఎలిప్టికల్, అదే కోడిగుడ్డు ఆకారపు గెలాక్సీ పక్కన కాకతాళీయంగా పడే అవకాశం ఒక శాతం కూడా లేదక్కా.

అక్క: వంద చూస్తే ఒకటి పడుతుంది.

తమ్ముడు: ఎక్స్-రే ఆఫ్టర్‌గ్లో, అంటే పేలాక మిగిలే వెలుగు, దొరికిన మొదటి షార్ట్ బరస్టే (క్షణంలో ముగిసే రకం) అది. వంద ఎక్కడివి?

అక్క: ...సరే. అది నీకే.

తమ్ముడు: రాసుకోండి, తేదీతో సహా.

అక్క: ఆగరా. అసలు అది పుట్టినచోటే పేలాలనేముంది? ఇలాంటి పొట్టి పేలుళ్లు న్యూట్రాన్ నక్షత్రాలు, అంటే చచ్చిన నక్షత్రాల బరువైన గుండెలు, రెండు ఢీకొంటే వస్తాయంటారు. ఆ జంట సూపర్‌నోవా (నక్షత్రం పేలిపోవడం) తన్నుకి సెకనుకు 100 కిలోమీటర్లతో బయల్దేరిందనుకో. అడ్డు లేకపోతే వంద కోట్ల ఏళ్లలో మూడు లక్షల కాంతి సంవత్సరాల పైమాటే. మన పాలపుంత అడ్డుకొలతే లక్ష చిల్లర. పేలేసరికి పక్కన ఇంకెవరిదో ఇల్లుంటుంది.

తమ్ముడు: అంటే నమ్మాల్సింది ఏదీ లేదంటావ్?

అక్క: ఉంది. 1997 ఫిబ్రవరి 28.

తమ్ముడు: అనేసింది.

అక్క: ఆ రోజు బరస్ట్ చోట మామూలు వెలుగులో ఒక చుక్క, పక్కన మసక. మసక చెరిగిపోతోందన్నారు, చుక్క కదులుతోందన్నారు. కదిలితే దగ్గరదే కదా! సెప్టెంబరులో హబుల్ టెలిస్కోప్ మళ్లీ చూస్తే చుక్క బాగా తగ్గింది, మసక మాత్రం అలాగే ఉంది. గెలాక్సీ. ఏడు నెలలు ఆగారు, నీలా ఒక్క ఫొటో చూసి...

తమ్ముడు: నాలాగా? నేను ఒక్క ఫొటో చూసి తేల్చేసిన ఆ తెల్ల చుక్క సంగతి ఎత్తకు.

అక్క: ఎత్తలేదు. నువ్వే ఎత్తావు.

తమ్ముడు: (నవ్వు) టైమైపోతోంది. 2022ది: రెడ్‌షిఫ్ట్ (దూరాన్నిబట్టి కాంతి ఎరుపు వైపు జరిగిన లెక్క) 0.151, దాదాపు 200 కోట్ల కాంతి సంవత్సరాలు, పాలపుంత దుమ్ము వెనక. అంతే, చెప్పేశా.

అక్క: దుమ్మంటే గుర్తొచ్చింది, ఆ 1997 మసకలో...

తమ్ముడు: ఆపేస్తున్నా.