డిసెంబర్ 3 గురించి చెప్పమన్నారు, మా తమ్ముడు కిందుండాడు

అందరికీ నమస్కారం. ముందు వరసలో పెద్దోళ్లకి, వెనక నిలబడుకోనుండే బిడ్డలకి, మైకు సెట్ చేసిన అబ్బాయికి కూడా. పేరుపేరునా చెప్తే ఉండే టైం దానికే అయిపోతాది, మన్నించండి. డిసెంబర్ 3న ప్రపంచంలో ఏమేం జరిగినాయో ఒక అరగంట చెప్పండి మేడమ్ అన్నారు, సరే అని నోట్‌బుక్కులో రాసుకోనే వచ్చినా.

1884లో బాబూ రాజేంద్రప్రసాద్ పుట్టింది ఈ రోజే, 1889లో ఖుదీరాం బోస్ కూడా. 1971లో ఈ రోజు సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన ఎయిర్‌ఫీల్డుల మీద బాంబులేసినాయి, 13 రోజుల యుద్ధం, బంగ్లాదేశ్ వచ్చింది. ఇవన్నీ మీరు పరీక్షలకి చదివే ఉంటారు.

1967ది మాత్రం చెప్పాల. సౌతాఫ్రికా, కేప్‌టౌన్, గ్రూట్ షూర్ ఆస్పత్రి. డాక్టర్ క్రిస్టియాన్ బర్నార్డ్ ఒక మనిషి గుండె తీసి ఇంకో మనిషికి పెట్టినాడు, లోకంలో అదే మొదలు. గుండె ఇచ్చిన డెనిస్ డార్వల్‌కి 25 ఏళ్లు, యాక్సిడెంట్‌లో దెబ్బ తగిలి ఇంగ బతకదని తేలినాక వాళ్ల నాయన ఒప్పుకున్నాడు. తీసుకున్న లూయిస్ వాష్‌కాన్‌స్కీ 18 రోజులుండి న్యుమోనియాతో పోయినాడు. అందరూ డాక్టరు పేరు చెప్తారు గానీ నాకు ఆ తండ్రే గుర్తొస్తాడు, ఆయన ఎట్ల తల ఊపినాడో.

తర్వాత 1984. రెండో తేదీ అర్ధరాత్రి దాటి మూడో తేదీ తెల్లారేలోపల, భోపాల్. యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ ట్యాంకులోకి నీళ్లు పోయి వేడెక్కి, 40 టన్నుల దాకా మిథైల్ ఐసోసైనేట్ అనే విషవాయువు ఊరి మీదకొచ్చింది. నిద్రలోనే వేలమంది పోయినారు. కళ్లు మండతా ఉంటే లేసి పరిగెత్తినారు జనం. నేను ఇంట్లో పేపర్ గట్టిగా చదువుతా ఉంటే మా తమ్ముడు అడిగినాడు, అక్కా, ఆడ నాలాంటోళ్లు ఎట్ల పరిగెత్తుంటారు అని. నేను పేపర్ మడిచి పెట్టేసినా. 40 ఏళ్లు దాటినా ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

వాడికి రెండేళ్లప్పుడు పోలియో. 1979లో టెన్త్ పరీక్షలు, వాడి రూము మేడ మీద పడింది. కింద రూము ఇవ్వండి సార్ అని కాళ్లు పట్టుకున్నంత పని చేసినా, నంబర్ల ప్రకారమే అన్నారు. రోజూ వీపున మోసుకోని పోయినా. లెక్కల పరీక్ష రోజు నాకు జ్వరం, సగం మెట్ల దగ్గర కూలబడిపోయినా. నువ్వుండక్కా అని వాడు చేతుల మీద పాక్కుంటా పైకి పోయినాడు, చొక్కా ముందరంతా మట్టి. 20 నిమిషాలు లేటు. పాసైనాడు, అది వేరే సంగతి. తర్వాత ఇదే తిరుపతిలో బర్డ్ ఆస్పత్రిలో కాళ్లకి ఊతగా కాలిపర్లు వేసినారు, కొన్నేళ్లు నడిచినాడు, ఇప్పుడు వయసొచ్చి మళ్లీ మూడు చక్రాల బండి.

ఈ రోజుకి ఇంకో పేరుండాది. ఐక్యరాజ్యసమితి 1992లో డిసెంబర్ 3ని వికలాంగుల దినం అనింది. బిల్డింగులు, బస్సులు వికలాంగులకి అందేటట్టు చెయ్యాలని మన సర్కారు సుగమ్య భారత్ మొదలుపెట్టింది కూడా 2015లో ఇదే తేదీ. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, రూల్స్ వచ్చిన ఐదేళ్లలో పబ్లిక్ బిల్డింగులన్నీ వీళ్లు లోపలికి పోయేటట్టు మార్చాల. ఆ ఐదేళ్లు ఎప్పుడో దాటిపోయినాయి కదప్పా!

ఈ హాలుకి ఎన్ని మెట్లో ఎవరన్నా లెక్కబెట్టినారా? 22. నేను లెక్కబెట్టినా. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కేది మొక్కు, మన ఇష్టం. మీటింగుకొచ్చేదానికి ఎందుకు నాయనా మొక్కు? ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల ర్యాంప్ కావాల, 22 మెట్లంటే 130 అడుగులు పైనే, ఈ సందులో కుదరదని నాకూ తెలుసు. లిఫ్టుకి డబ్బుల్లేవన్నారు, అదీ నిజమే అనుకుందాం. కింద బండ్లు పెట్టే షెడ్డు ఉండాది కదా! పొద్దున్నించి మా తమ్ముడు ఆడే ఉండాడు, బైకుల మధ్యలో, ఫోన్ స్పీకర్‌లో నా మాట వింటా. వాడు మాత్రమే కాదు, బండిలో ఇంకొకామె కూడా వచ్చింది, మెట్లు చూసి వెనక్కి తిరగబోతే వాడే ఆపినాడంట.

నా దగ్గర ఇంకా రెండు పేజీలుండాయి. ప్రపంచంలో మొట్టమొదటి ఎస్సెమ్మెస్ పోయింది కూడా 1992లో ఈ తేదీనే, ఆ కత ఉండాది. పైన చెప్పను. తలా ఒక కుర్చీ పట్టుకోండి. అన్నా, మీరు మోకాళ్ల నొప్పులోళ్లు, మోయొద్దు, మెల్లిగా దిగండి. బాబూ, మైకు వైరు కిందికి అందుతాదా చూడు నాయనా. అందకపోయినా పర్లేదు, నేను క్లాసులో అరిచినట్టే అరుస్తా, పదండి.