పవర్ సప్లై కొనే ముందు ఆ స్టిక్కర్ ఒక్కసారి చదవండి

నమస్కారం అండీ. పీసీ బిల్డ్ చేసేటప్పుడు ప్రాసెసర్ గురించీ, గ్రాఫిక్స్ కార్డు గురించీ రోజుల తరబడి ఆలోచిస్తాం. పవర్ సప్లై దగ్గరికొచ్చేసరికి మిగిలిన డబ్బుల్లో ఏదొస్తే అదే తీసుకుంటాం. దయచేసి అలా చేయకండి. నాసిరకం యూనిట్ పోతూ పోతూ మదర్‌బోర్డునీ, హార్డ్ డిస్క్‌నీ కూడా కాల్చేసి పోవచ్చు.

ఇదిగో, ఈ యూనిట్ చూడండి. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 500 వాట్లు అని ఉంది. దాన్ని పక్కన పెట్టి, యూనిట్‌కి అంటించిన ఈ స్టిక్కర్ చూద్దాం. ప్లస్ 12 వోల్ట్ అని ఒక గడి ఉంది కదా, దాని కింద 25 యాంప్స్ అని రాసుంది. 12 ఇంటూ 25, అంటే 300. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు నడిచేది దాదాపు మొత్తం ఈ 12 వోల్ట్ లైన్ మీదే. కాబట్టి మన పనికి ఇది 300 వాట్ల యూనిట్టే! మిగతాదంతా 3.3, 5 వోల్ట్ లైన్లలో చూపించారు. ఇప్పటి పీసీలు వాటిని అంతగా వాడవు.

ఇప్పుడు ఈ రెండోది. 550 వాట్లు. 12 వోల్ట్ కింద 45 యాంప్స్, అంటే 540. నిజాయితీగా రాసిన లేబుల్ ఇలా ఉంటుంది.

చాలామంది 80 ప్లస్ బ్యాడ్జ్, అంటే యూనిట్ కరెంటుని ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్పే గుర్తు, చూసి నమ్మేస్తారు. అందులో గోల్డ్ స్థాయి అంటే సగం లోడ్ దగ్గర కనీసం 90 శాతం ఎఫిషియెన్సీ. ప్లగ్ నుంచి 300 వాట్లు లాగితే 270 పీసీకి అందుతాయి, 30 వేడిగా పోతాయి. మంచిదే. కానీ వోల్టేజ్ ఎంత నిలకడగా ఉంటుందో, షార్ట్ అయితే యూనిట్ ఆగుతుందో లేదో ఆ బ్యాడ్జ్ చెప్పదు. అందుకే స్పెసిఫికేషన్స్‌లో ఓవీపీ (వోల్టేజ్ మితిమీరితే), ఓసీపీ (కరెంటు మితిమీరితే), ఎస్‌సీపీ (షార్ట్ అయితే), ఓటీపీ అనే రక్షణలు ఉన్నాయా చూడండి. చివరిది వేడెక్కితే ఆపేసే రక్షణ, చవక యూనిట్లలో ఎక్కువగా ఎగ్గొట్టేది దాన్నే. రివ్యూల్లో అయితే నేను ముందు వెతికేది రిపుల్, అంటే వోల్టేజ్‌లో వచ్చే చిన్న చిన్న హెచ్చుతగ్గులు. 12 వోల్ట్ మీద, పీసీ పవర్ సప్లైల ప్రమాణమైన ఏటీఎక్స్ పెట్టిన పరిమితి 120 మిల్లీవోల్టులు. ఫుల్ లోడ్‌లో అందులో సగం కూడా దాటకపోతే ధైర్యంగా తీసుకోవచ్చు. 7, 10 ఏళ్ల వారంటీ ఇచ్చారంటే కంపెనీకే తన సరుకు మీద నమ్మకం ఉన్నట్టు.

ఎన్ని వాట్లు కావాలంటారా? మీ గ్రాఫిక్స్ కార్డు కంపెనీ సైట్‌లో సూచించిన వాట్లు ఉంటాయి, అంతకంటే తక్కువకి దిగకండి. కొత్త పెద్ద కార్డులు క్షణంలో వెయ్యో వంతు కూడా పట్టని సమయంలో ఒక్కసారిగా ఎక్కువ లాగుతాయి. వాటికి 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0, లేదా ఆ తర్వాతి ప్రమాణం ఉన్న యూనిట్ తీసుకోండి.

బిగించే ముందు ఒక్క మాట. మాడ్యులర్ యూనిట్ (కేబుళ్లు విడిగా ఊడదీయగలిగేది) అయితే దానితో వచ్చిన కేబుళ్లే వాడండి. యూనిట్ వైపు పిన్నుల వరస కంపెనీకో రకంగా ఉంటుంది, ఒక్కోసారి అదే కంపెనీలో మోడల్‌కో రకం. పాత కేబుల్ చక్కగా దూరిపోతుంది, కానీ 5 వోల్టులు రావాల్సిన చోట 12 వస్తే డ్రైవ్ అక్కడికక్కడే పోతుంది. పాత యూనిట్ తీసేసేటప్పుడు దాని కేబుళ్లు కూడా దాంతోపాటే తీసేయండి.